ఓడిపోయే హక్కు

మనల్ని గెలవనివ్వలేదని మనవాళ్ళు చాలా రాశారు. రాయాల్సిందే, ఇంకా రాయాలి. నేను ఇంకో మాట రాద్దామనుకుంటున్నా. మనల్ని ఓడిపోనివ్వటం కూడా లేదు. నవ్వబాకండి. ఓడిపోటానికి ఒకళ్ళ అనుమతి కావాలా, మన బతుకంతా ఓటమే గదా అంటారేమో. తరతరాలుగా మనకి జరిగింది ఓడించబడటం. ఓడిపోవాలంటే ముందు ఆటలో వుండాలి. దిగాలి, చేతనయింది చెయ్యాలి, అది చాలక ఓడాలి, ఈసారి నేను ఓడానని ఒక మనిషిలాగా చెప్పుకుని ఇంటికి పోవాలి, పొద్దున్నే లేచి ఇంకో ఆటకి పోగలగాలి. ఆ మామూలుతనం మనకింకా దక్కలేదు.

ఈ సంగతి నాకు ఏ సభలోనూ తట్టలేదు. ఒక కంప్యూటర్ ఆటలో నా ఉద్యోగం వూడినప్పుడు తట్టింది. దళితుల పుస్తకంలో కంప్యూటర్ ఆట ఏందని విసుక్కోకుండా కాసేపు వినండి.

ఆ ఆట పేరు ఫుట్‌బాల్ మేనేజర్. ఇంగ్లండులో పాల్ కాలియర్, ఆలివర్ కాలియర్ అనే అన్నదమ్ములు తయారుచేసి 1992లో ఛాంపియన్‌షిప్ మేనేజర్ పేరుతో బయటికి తెచ్చారు. 2004 నుంచి ఈ పేరుతో వస్తోంది. ఇందులో బంతిని మనం తన్నం. మనం ఒక క్లబ్బుకి మేనేజర్లం. ఎవర్ని ఆడించాలి, ఎవర్ని కొనాలి, ఎవర్ని అమ్మాలి, ఎట్టా ఆడించాలి అనేది మన పని. ఆటగాడి పరుగుకి, ఓపికకి, పట్టుదలకి, ఒక్కోదానికి 1 నుంచి 20 దాకా అంకెలు వేసివుంటాయి. మన నెత్తిన క్లబ్బు బోర్డు వుంటుంది. ఈ ఏడు జట్టు ఎక్కడ నిలవాలో ముందే చెప్పిద్ది. అక్కడ నిలవకపోతే మనల్ని తీసేసిద్ది.

2020లో కరోనాకి బళ్ళు మూసేశారు. ఆన్‌లైన్ పాఠాల కోసం వాయిదాల మీద కొన్న లాప్‌టాప్ ఇంట్లో వుంది. ఆ సెప్టెంబర్లో ఈ ఆటని ఒక వారం ఉచితంగా ఇచ్చారు. ఆటకి డబ్బులు పెట్టే అలవాటు మా ఇంటావంటా లేదు. ఉచితం గనక దింపుకున్నా.

మొదట్లోనే ఆట మనల్ని ఒక ప్రశ్న అడుగుద్ది. నువ్వు ఇంతకుముందు ఏ స్థాయిలో ఆడావు? దేశం తరఫున ఆడినోడివా, ఆటే వృత్తిగా బతికినోడివా, ఆదివారం పూట సరదాకి ఆడేవాడివా? ఏది ఎంచుకుంటే నీకు అంత పరపతి. ఆ పరపతిని బట్టే ఆటగాళ్ళు నీ మాట వింటారు, క్లబ్బులు నీ దరఖాస్తు చూస్తాయి. నేను ఆదివారం ఆటగాణ్ణి ఎంచుకున్నా. నిజానికి అదీ ఎక్కువే, నేను చదివిన బడిలో బంతే లేదు. ఇక ముఖానికి ఏ రంగయినా వేసుకోవచ్చు. దానివల్ల పరపతి పెరగదు, తగ్గదు. పుట్టుపూర్వోత్తరాల్ని మనమే ఎంచుకునే వీలున్న చోటు నాకు అదొక్కటే తగిలింది.

ఉద్యోగం లేకుండా మొదలెట్టా. నవంబర్లో ఒక క్లబ్బు పిలిచింది. ఇంగ్లండు లీగుల్లో నాలుగో మెట్టున వుండేది, పట్టికలో అట్టడుగున పడివుంది. అంతకుముందున్న మేనేజర్ని తీసేశారు. చేతిలో డబ్బు లేదు, సగంమంది గాయాలతో మూలనపడి వున్నారు. పద్నాలుగు ఆటలు ఆడించా. మూడు గెలుపులు, నాలుగు డ్రాలు. ఫిబ్రవరిలో బోర్డు పిలిచి రానున్న అయిదు ఆటల్లో ఇన్ని పాయింట్లు తేవాలని గడువు పెట్టింది. తేలేకపోయాం. మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది. మీ సేవలకి కృతజ్ఞతలు, ఇక మీ అవసరం లేదని.

ఆట అక్కడితో ఆగదు. మన పేరు నిరుద్యోగుల జాబితాలోకి పోయిద్ది. రోజులు దొర్లుతుంటాయి. మన పాత క్లబ్బుకి ఎవరొచ్చారో, వాళ్ళెట్టా ఆడిస్తున్నారో వార్తలు వస్తుంటాయి. కొన్నాళ్ళకి ఇంకో చిన్న క్లబ్బు కబురు పెట్టుద్ది.

ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. ఉద్యోగం పోయినోడికి హాయేంది? అది నాకే అర్థంకాక చాలా రోజులు ఆలోచించా. ఆ బోర్డు నన్ను తీసేసింది, నన్నొక్కణ్ణే. ఆదివారం ఆటగాళ్ళందర్నీ తీసిపారెయ్యలేదు. "మీవాళ్ళకిస్తే ఇంతే" అనలేదు. నా తర్వాత వచ్చేవాడి దారికి నా ఓటమిని అడ్డంగా పడెయ్యలేదు. నా జీవితంలో మొట్టమొదటిసారి నా ఓటమి అచ్చంగా నాది అయింది. ఒక యంత్రం ఇచ్చిన ఆ గౌరవం నా ఊరు నాకెప్పుడూ ఇవ్వలేదు.

ఊళ్ళో లెక్క వేరు. 2014 డీఎస్సీలో నాకు ఉద్యోగం రాలేదు. "రిజర్వేషన్ వుండి కూడా రాలేదంటరా" అన్నారు. 2018 డీఎస్సీలో వచ్చింది. "రిజర్వేషన్ వుంది గదా, ఎందుకు రాదు" అన్నారు. మాటలన్నోళ్ళు రెండుసార్లూ వాళ్ళే. రానప్పుడు అది నా కులం చేతగానితనం. వచ్చినప్పుడు అది సర్కారు దయ. మధ్యలో నేనెక్కడున్నా? మిరప చేలల్లో నడుం వంగిన మాయమ్మ కూలి డబ్బులు ఎక్కడున్నాయి? నాలుగేళ్ళు నేను చదివిన రాత్రులు ఎక్కడున్నాయి? ఓటమిలో నేను లేను, గెలుపులోనూ లేను. ఓటమిని మనిషి చేతిలోంచి లాక్కునేవాళ్ళే గెలుపునీ లాక్కుంటారు. రెండు చేతులతో లాగుతున్నది ఒకటే దొంగ.

నేను పనిచేసిన బళ్ళలో స్టాఫ్‌రూముల్లో ఒక మాట వింటుంటా. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, అలవాటుగా అంటారు. కొట్టు షావుకారు కొడుకు లెక్కల్లో తప్పితే "వాడు చదవలేదండీ" అంటారు. మా గూడెం పిల్లోడు అదే లెక్కల్లో అన్నే మార్కులతో తప్పితే "వాడికి చదువు రాదండీ" అంటారు. రెండు మాటలకీ ఎంత తేడా వుందో తెలుగు వచ్చిన ప్రతివాడికీ తెలుసు. చదవనోడు రేపు చదవొచ్చు. చదువు రానోడికి రేపు లేదు. మొదటివాడు ఒక పని చెయ్యలేదు, రెండోవాడు ఒక పుట్టుక పుట్టాడు. షావుకారు కొడుక్కి వున్నదీ, మావాడికి లేనిదీ ఓడిపోయే హక్కు. తప్పినా వాడు తప్పినవాడిగానే మిగుల్తాడు. మావాడు తప్పితే వాడి వెనక వాడి తమ్ముడు, చెల్లెలు, మూడు వందల గడపలు తప్పుతాయి.

ఆ ఆటలో లేని ఈ జబ్బు అసలు ఫుట్‌బాల్లో లేదనుకోబాకండి. ఇంగ్లండు చరిత్రలోకే పోయి చూద్దాం.

పాల్ ఇన్స్ అనే ఆటగాడు ఇంగ్లండు జట్టుకి 1993లో కెప్టెన్సీ చేశాడు. ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతివాడు. 2006లో మాకిల్స్‌ఫీల్డ్ అనే చిన్న క్లబ్బు ఆయన్ని మేనేజర్‌గా పిలిచింది. నాలుగో మెట్టులో అట్టడుగున వుంది. ఆఖరి రోజున దాన్ని ఒడ్డున పడేశాడు. తర్వాత మిల్టన్ కీన్స్ డాన్స్ జట్టుని 2008లో అదే మెట్టులో ఛాంపియన్ చేశాడు. ఆ జూన్‌లో ప్రీమియర్ లీగ్ నుంచి బ్లాక్‌బర్న్ రోవర్స్ పిలిచింది. ప్రీమియర్ లీగ్ మేనేజరైన మొదటి నల్లజాతి బ్రిటిష్ పౌరుడు ఆయనే. ఆర్నెల్లు నిండకుండా డిసెంబర్లో తీసేశారు. లీగ్‌లో 17 ఆటలకి 3 గెలుపులు. పాయింట్లని బట్టి ఆయన్ని తీసెయ్యటం అన్యాయమని నేను అనను. ఆయన కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టారో చూడండి. శామ్ అలర్డైస్‌ని. ఆయన అనుభవమున్న మనిషే, వచ్చి ఆ క్లబ్బుని నిలబెట్టాడు కూడా. కానీ అదే 2008 జనవరిలో న్యూకాజిల్ క్లబ్బు ఆయన్ని తీసేసింది. జనవరిలో తీసేసిన మనిషికి డిసెంబర్లో అదే లీగ్‌లో కుర్చీ దొరికింది. ఇన్స్ తర్వాత వేరే క్లబ్బుల్లో పనిచేశాడుగానీ ప్రీమియర్ లీగ్‌లో ఆ కుర్చీ మళ్ళీ ఆయనకి దక్కలేదు. ఒకాయన ఓటమి జరిగిపోయిన సంగతి అయింది. ఇంకొకాయన ఓటమి ఆయన చిరునామా అయింది.

ఆ మాకిల్స్‌ఫీల్డ్ పేరు గుర్తుపెట్టుకోండి. 1993లో లింకన్ సిటీ క్లబ్బుకి మేనేజరై, ఆ లీగుల్లో పూర్తికాలం మేనేజర్ల్లో మొదటి నల్లజాతివాళ్ళలో ఒకడుగా పేరుపొందిన కీత్ అలెగ్జాండర్, 2008 నుంచి 2010లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. ఆ తర్వాత సోల్ కాంప్‌బెల్. ఇంగ్లండుకి 73 ఆటలు ఆడినోడు. 2003-04లో లీగ్‌లో ఒక్క ఆటా ఓడని ఆర్సెనల్ జట్టులో వున్నోడు. 2012లో ఆటకి సెలవు చెప్పాడు. ఆయనతోపాటు ఇంగ్లండుకి ఆడిన స్టీవెన్ జెరార్డ్‌ని రేంజర్స్, ఫ్రాంక్ లాంపార్డ్‌ని డెర్బీ కౌంటీ 2018 మే నెలలో మేనేజర్లుగా పిలిచాయి. కాంప్‌బెల్‌కి అదే ఏడు నవంబర్లో పిలుపొచ్చింది. ఎక్కణ్ణుంచి? మాకిల్స్‌ఫీల్డ్ నుంచి. మళ్ళీ నాలుగో మెట్టు, మళ్ళీ అట్టడుగు. గట్టెక్కటానికి అయిదు పాయింట్లు తక్కువ. జీతాలు వేళకి రాని క్లబ్బు. దాన్ని కూడా ఆఖరి రోజున గట్టెక్కించి 2019 ఆగస్టులో వెళ్ళిపోయాడు. 2020 సెప్టెంబర్లో అప్పుల కింద కోర్టు ఆ క్లబ్బునే మూసేసింది.

ఒక్కో నియామకం వెనక ఒక్కో కారణం వుండొచ్చు. వరస మాత్రం కళ్ళకి కనపడుతూనే వుంది. బండి బురదలో దిగబడ్డప్పుడు పిలుపొచ్చిద్ది, రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు రాదు. బురదలోంచి లాగితే అది అదృష్టం. లాగలేకపోతే అది జాతి లక్షణం.

మన దేశంలో ఇంకో మెట్టు కింద వుండింది. బురదలో బండి కూడా ఇవ్వలేదు. చమార్ కులంలో పుట్టిన పాల్వంకర్ బాలూ ఎడమచేతి స్పిన్ బౌలర్. 1911లో ఇంగ్లండు పోయి ఆ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. పూనాలో ఆయన బౌలింగు మీద గెలిచిన హిందూ జట్టువాళ్ళే ఆయనకి టీ బయట మట్టి ముంతలో పోశారు. బొంబాయి పోటీల్లో హిందూ జట్టుకి ఆయన్ని ఎప్పుడూ కెప్టెన్ చెయ్యలేదు. కడాకి ఆయన తమ్ముడు విఠల్ 1923లో కెప్టెన్ అయ్యాడు. బాలూకి దక్కనిది గెలుపు అనుకుంటాం. ఆయన చాలా గెలిచాడు, గెలిపించాడు. కెప్టెన్‌గా ఒక్క ఆట ఓడిపోయే అవకాశం ఆయనకి దక్కలేదు. నాయకత్వం అంటే అదే గదా. నీ నిర్ణయం తప్పినా రేపు జట్టు నీ మాటే వింటదనే నమ్మకం.

ఇక మన పంచాయతీలు. 1992లో రాజ్యాంగాన్ని 73వసారి సవరించి దళితులకి సర్పంచి పదవుల్లో వాటా ఇచ్చారు. తమిళనాడు మదురై జిల్లాలో పాపాపట్టి, కీరిపట్టి అని ఊళ్ళున్నాయి. దళితులకి కేటాయించిన ఆ పంచాయతీల్లో 1996 నుంచి 2006 దాకా ఎన్నికని సాగనివ్వలేదు. నామినేషన్ వేయనివ్వలేదు. వేయించినప్పుడు తమ మనిషి చేతనే వేయించి, గెలిచిన వెంటనే రాజీనామా రాయించారు. ఆటలో బోర్డు నాకు పద్నాలుగు ఆటలు ఇచ్చింది. వాళ్ళకి ఒక్క పూట ఇవ్వలేదు.

మా వైపు అంత మోటుగా చెయ్యరు. మా పక్కూళ్ళో మనవాడొకడు సర్పంచి అయ్యాడు. ఆఫీసు తాళం ఒక ఆసామి ఇంట్లో వుండేది. సంతకం ఈయనది, లెక్క వాళ్ళది. అయిదేళ్ళు పోయాక గూడేనికి రోడ్డు పడలేదని, "మీవాళ్ళకిస్తే ఇట్టానే వుండిద్ది" అని తీర్మానించారు. తర్వాత అయిదేళ్ళు ఆసాముల మనిషే సర్పంచి. ఆ రోడ్డు అప్పుడూ పడలేదు. ఆసాములకిస్తే ఇట్టానే వుండిద్దని ఒక్క నోరు అనలేదు. మనవాళ్ళ నోళ్ళు కూడా.

ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. వెయ్యాలి కూడా. "అయితే మీరడిగేది చేతగానితనానికి లైసెన్సా? డాక్టరు ఓడితే రోగి చస్తాడు, పంతులు ఓడితే పిల్లలు చెడతారు. ఓడిపోయే హక్కు అంటే వాళ్ళ నెత్తిన ఓడటమేనా?" ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. నేను పంతుల్ని. పిల్లోడి పదో తరగతి ఏడాది వాడికి మళ్ళీ రాదు. పనిచెయ్యనోణ్ణి అడగాలి, మార్చాలి, అవసరమైతే తియ్యాలి. తీసెయ్యటం తప్పని నేను ఒక్క మాట కూడా అనటం లేదు. తీసేటప్పుడు రెండు ధర్మాలు పాటించమంటున్నా.

ఒకటి, చేతికి ఏమిచ్చారో ముందు రాయాలి. ఈ పని ఆ ఆట చేసిద్ది. అడుగున వున్న క్లబ్బుని ఛాంపియన్ కమ్మని అడగదు. ఎంత డబ్బుంది, ఎట్టాంటి ఆటగాళ్ళున్నారు, ఎక్కడ నిలవటం న్యాయం అని చూసి అంత అడుగుద్ది. పదో తరగతి ఫలితాల మీద జరిగే సమీక్షల్లో శాతం ఒక్కటే అడుగుతారు. జనవరి నుంచి మార్చి దాకా తల్లిదండ్రులతో మిరప కోతలకి పోయే పిల్లలెందరో అడగరు. ఆ పిల్లలు ఎక్కడ మొదలెట్టి ఎక్కడిదాకా వచ్చారో అడగరు. ఈ లెక్క ఓడినోణ్ణే కాదు, గెలిచినోణ్ణి కూడా అడగాలి. నూటికి నూరు తెచ్చిన బడి ఎట్టాంటి పిల్లల్ని చేర్చుకుంది? మెరిట్ అని ఎగిరే అబ్బాయికి ఇంట్లో ఎన్ని తరాల పుస్తకాలున్నాయి? ఓడినప్పుడు మాత్రమే పుట్టుక గుర్తొచ్చి, గెలిచినప్పుడు మర్చిపోయే లెక్క దొంగ లెక్క.

రెండోది, ఓటమి ఎవడిదో వాడి దగ్గరే ఆగాలి. దాని మీద వాడి పేరు రాయండి. వాడి పల్లె పేరు రాయబాకండి. అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ 2003లో ఒక నియమం పెట్టింది. ప్రధాన కోచ్‌ని ఎంచుకునేటప్పుడు మైనారిటీ వర్గాలవాళ్ళలో కనీసం ఒక్కర్నయినా ఇంటర్వ్యూ చెయ్యాలని. మంచిదే. కానీ పిలవటం ఒక మెట్టు. పిలిచిన వాడు ఓడితే తర్వాతివాణ్ణి కూడా పిలవటం అసలు మెట్టు. తలుపు ఎంత తెరుచుకుందో మొదటి మనిషి లోపలికి పోయినప్పుడు తెలియదు. ఆ మనిషి ఓడి బయటికొచ్చాక తెలిసిద్ది.

ఈ రెండో ధర్మం మనకి కూడా వర్తిస్తది. ఓటమి మనిషిది, కులానిది కాదు అన్నప్పుడు, తప్పుచేసి పట్టుబడ్డ మన నాయకుడు "నన్ను కాదు, నా జాతిని అంటున్నారు" అని మన చాటున దాక్కుంటే ఒప్పుకోకూడదు. కొన్నిసార్లు నిజంగానే జాతిని అంటారు. అప్పుడు జాతి కోసం నిలబడదాం. వాడి లెక్క వాణ్ణే చెప్పనిద్దాం. ఉద్యమంలో ఇది చేదు మాట. అయినా చెప్పాలి, ఎందుకంటే మనిషికి విడిగా ఓడే హక్కు అడిగేవాళ్ళు మనిషికి విడిగా జవాబు చెప్పే బాధ్యత కాదనలేరు.

ఇంకో చేదు మాట. మన పిల్లల దగ్గర్నుంచి ఈ హక్కుని మనం కూడా తీసుకుంటున్నాం. ఇంట్లో మొదటిసారి కాలేజీకి పోయే పిల్లకి "నువ్వు పడితే మన గూడెం పడిద్ది" అని చెప్పి పంపుతాం. ప్రేమతోనే చెప్తాం. ఆ పిల్ల ఒక పేపరు తప్పుద్ది. తోటి పిల్లలు తప్పిన పేపరు మళ్ళీ కట్టి రాస్తారు. మనపిల్ల గూడెం మొత్తాన్ని పడేశానని కుమిలి, హాస్టల్ ఖాళీ చేసి ఎవరికీ చెప్పకుండా పెట్టె సర్దుకుంటది. తప్పింది ఒక పేపరు, మోసింది మూడు వందల గడపలు.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఒక హెచ్చరిక చేశాడు. రాజకీయాల్లో ప్రతి మనిషి ఓటుకీ ఒకే విలువ వస్తోంది, సామాజిక ఆర్థిక జీవితంలో మనిషికి ఆ ఒకే విలువ ఇంకా రాలేదు, ఈ వైరుధ్యాన్ని ఎక్కువ కాలం మొయ్యలేం అన్నాడు. ఆ విలువ వచ్చిందో లేదో చూసుకోటానికి నేనొక చిన్న కొలత చెప్తా. మనిషికి ఒక ఓటు వచ్చింది. మనిషికి ఒక ఓటమి వచ్చిందా?

ఈ పుస్తకం చదివే విద్యార్థులకి పంతులుగా నాదొక్కటే మాట. మీరు గెలవాలి, అందుకు మీకంటే ముందు మీ అమ్మలు కష్టపడుతున్నారు. గెలవకపోతే అది మీ ఒక్కరి సంగతి. తప్పిన పేపరు మళ్ళీ కట్టండి. పోయిన ఉద్యోగానికి ఇంకో దరఖాస్తు పెట్టండి. "మీవాళ్ళింతే" అని ఎవడన్నా అంటే, మావాళ్ళు ఇందులో లేరు, నేను తప్పాను, వచ్చే నెల మళ్ళీ రాస్తున్నానని చెప్పండి. మీ చెల్లెలు ఆ మాట వినేట్టు గట్టిగా చెప్పండి.